గ్రాఫీన్ కలిపిన ఎరువులు: మన నేలలో, మన నీళ్లలో ఎంతవరకు నిలుస్తాయి? కొనే ముందు తెలుసుకోవాల్సినవి

నానో ఎరువులు వచ్చాక "గ్రాఫీన్" అనే మాట కూడా రైతుల చెవిన పడుతోంది. గ్రాఫీన్‌తో చేసిన జింక్, గ్రాఫీన్ పూత వేసిన ఎరువు, గ్రాఫీన్ ద్రావణం అంటూ రకరకాలుగా వింటుంటాం. "ఒక్కసారి వేస్తే నేలలో ఏళ్లపాటు ఉంటుందన్నా" అని ఎవరైనా చెబితే, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో పత్తి, వేరుశనగ వేసే చిన్న రైతు ఏమనుకోవాలి? నిజంగానే నిలుస్తుందా? నిలిచేది ఏది, పోయేది ఏది? ఈ వ్యాసంలో దాన్నే వివరిస్తున్నాం.

ముందే ఒక మాట. గ్రాఫీన్‌లోని బొగ్గుపొర చాలా గట్టిది, ఏళ్ల తరబడి ఉంటుంది. కానీ పంటకు పనికొచ్చేది ఆ పొర కాదు, దానికి అతికించిన పోషకం. పోషకాన్ని పట్టి ఉంచే భాగం పొర అంత గట్టిది కాదు. ఎండకు, కాలానికి, సున్నానికి అది మారిపోతుంది. "ఏళ్ల తరబడి ఉంటుంది" అన్న మాట పొరకు వర్తిస్తుంది, మనం డబ్బు పెట్టి కొనే పనితనానికి వర్తించదు.

నిలకడ అంటే మనకు కొత్త కాదు

రసాయనాల నిలకడ పెద్ద శాస్త్రంలా వినిపిస్తుంది గానీ మన రైతులకు అది అనుభవంలో ఉన్నదే. నల్లరేగడి, సున్నపు నేలల్లో వేరుశనగ లేత ఆకులు పసుపు పచ్చగా మారి, తర్వాత తెల్లబడినప్పుడు అన్నభేది పిచికారి చేస్తాం. ఎకరాకు 1 కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మఉప్పు 200 లీటర్ల నీటిలో కలపాలని చెబుతారు. నిమ్మఉప్పు ఎందుకు? అన్నభేదిని ఒట్టి నీళ్లలో కలిపి కాసేపు వదిలేస్తే ద్రావణం తుప్పు రంగుకు తిరిగి అడుగున మడ్డి చేరుతుంది. అందులోని ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, మొక్క తీసుకోలేని రూపానికి మారిపోతుంది. నిమ్మఉప్పు ఇనుమును పట్టుకుని అలా మారకుండా కొంతసేపు ఆపుతుంది.

జింక్ సల్ఫేట్‌ను డి.ఎ.పి., సూపర్ ఫాస్ఫేట్ వంటి భాస్వరం ఎరువులతో కలిపి వేయవద్దని చెప్పేది కూడా ఇందుకే. రెండూ కలిస్తే జింక్ నీళ్లలో కరగని రూపంలోకి పోతుంది. జింక్ నేలలోనే ఉంటుంది, కానీ మొక్కకు అందదు.

కాబట్టి ఏ ఎరువు గురించైనా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. అది నేలలో ఉంటుందా? ఉంటే, మొక్క తీసుకునే రూపంలో ఉంటుందా? గ్రాఫీన్‌కూ ఇవే ప్రశ్నలు.

గ్రాఫీన్ అంటే ఏమిటి?

పెన్సిల్ ముల్లు గ్రాఫైట్‌తో చేస్తారు. గ్రాఫైట్ అంటే కార్బన్ పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండే పదార్థం. కాగితం మీద గీసినప్పుడు ఆ పొరలే ఊడి అంటుకుంటాయి. అలాంటి పొరల్లో ఒక్కదాన్ని విడిగా తీస్తే అదే గ్రాఫీన్. దానిలో కార్బన్ పరమాణువులు తేనెపట్టు గదుల్లా ఆరు మూలల వలయాలుగా అల్లుకుని ఉంటాయి. ఒక్క మిల్లీమీటరు మందం గ్రాఫైట్‌లో ఇలాంటి పొరలు సుమారు 30 లక్షలు ఉంటాయి. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2004లో అంటుకునే టేపుతో గ్రాఫైట్ నుంచి ఈ పొరను విడదీసి చూపించారు. అందుకు ఇద్దరికి 2010లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ వలయాల అల్లిక చాలా బలమైనది. మామూలు ఎండకు, వానకు, సున్నానికి చెక్కుచెదరదు. కానీ ఏమీ కలపని గ్రాఫీన్ వ్యవసాయానికి పెద్దగా పనికిరాదు. అది నీళ్లలో కలవదు, జింక్, రాగి వంటి పోషకాలను సరిగా పట్టుకోదు.

అందుకే దాన్ని రసాయనాలతో మారుస్తారు. గ్రాఫైట్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, పొటాషియం పర్మాంగనేట్ వంటివాటితో కలిపితే పొరల మీద ఆక్సిజన్ గుంపులు అతుక్కుంటాయి. 1958లో ప్రచురితమైన ఒక పద్ధతినే కొద్ది మార్పులతో ఇప్పటికీ వాడుతున్నారు. ఇలా తయారైనదాన్ని గ్రాఫీన్ ఆక్సైడ్ అంటారు. ఇది నీళ్లలో బాగా కలుస్తుంది, గోధుమ రంగులో ఉంటుంది. ఆక్సిజన్ గుంపులున్న చోట్ల జింక్, రాగి, ఇనుము వచ్చి పట్టుకుంటాయి. ఎరువుల పరిశోధనలో వాడేది ఎక్కువగా ఈ మార్చిన గ్రాఫీనే.

ఇక్కడే చిక్కుంది. పొర గట్టిది, దాని మీద అతికించిన ఆక్సిజన్ గుంపులు అంత గట్టివి కావు. గుంజకు గొలుసుతో కట్టిన గొడ్డును తలుచుకోండి. గుంజ నూరేళ్లు ఉన్నా గొలుసు తెగితే గొడ్డు నిలవదు.

మార్చిన గ్రాఫీన్ ఎందువల్ల చెడుతుంది?

1. కాలం: అమెరికాలోని జార్జియా టెక్ శాస్త్రవేత్తలు గ్రాఫీన్ ఆక్సైడ్ పలుచటి పొరలను మామూలు గది వేడిమిలో ఉంచి గమనించారు. 2012లో నేచర్ మెటీరియల్స్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం, ఎవరూ ముట్టుకోకపోయినా ఆ పదార్థం సుమారు నెల రోజుల వ్యవధిలో తనంతట తాను మారింది. కొంత ఆక్సిజన్ పోయింది, మిగిలిన ఆక్సిజన్ వేరే రూపానికి మారింది, ఆ తర్వాత ఒక స్థితిలో కుదురుకుంది. అంటే తయారైన రోజు ఉన్న సరుకు, నెల తర్వాత సరుకు ఒకటే కాకపోవచ్చు.

2. ఎండ: సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే ఆక్సిజన్ గుంపులు ఊడిపోతాయి. గోధుమ రంగు ద్రావణం క్రమంగా నల్లబడుతుంది. ఆకు మీద పడిన ద్రావణానికీ, ఎండలో పెట్టిన డబ్బాకూ ఇది వర్తిస్తుంది.

3. వేడి: బాగా వేడి చేస్తే, అంటే 150 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో, ఆక్సిజన్ గుంపులు నీటి ఆవిరిగా, బొగ్గుపులుసు వాయువుగా వేగంగా బయటికి పోతాయి. ఎక్కువ మొత్తంలో పొడిగా ఉన్న గ్రాఫీన్ ఆక్సైడ్‌ను వేడిచేస్తే ఒక్కసారిగా భగ్గుమనే ప్రమాదం కూడా ఉంది. మన ఎండాకాలపు 40 డిగ్రీలు ఆ స్థాయి కాదు. అయినా వేడి పెరిగేకొద్దీ మార్పు త్వరపడుతుంది. రేకుల షెడ్డులో వేసవంతా నిల్వ ఉన్న సరుకు మీద నమ్మకం పెట్టుకోవద్దు.

4. సున్నం, ఉప్పు: మన ప్రాంతానికి అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. నీళ్లలో కలిసి ఉన్నప్పుడు గ్రాఫీన్ ఆక్సైడ్ పొరల మీద రుణ విద్యుత్తు ఉంటుంది, అందుకే అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి. కాల్షియం, మెగ్నీషియం తగిలితే ఆ నెట్టుడు పోయి పొరలు కలిసి ముద్ద కట్టి అడుగుకు దిగుతాయి. ప్రయోగశాల పరీక్షల్లో లీటరు నీటికి సుమారు 40 నుంచి 100 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటేనే ఇలా గడ్డకట్టినట్టు తేలింది. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం కాల్షియం లీటరుకు 75 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, వేరే నీటి వసతి లేనప్పుడు 200 వరకు అనుమతి ఉంది. అంటే తాగడానికి పనికొచ్చే నీళ్లు కూడా ఈ ద్రావణాన్ని విరిచేయగలవు. పాలలో నిమ్మకాయ పిండినప్పుడు విరిగినట్టే ఇదీ కంటికి కనబడుతుంది.

5. సూక్ష్మజీవులు, ఎంజైములు: అమెరికాలోని పిట్స్‌బర్గ్ శాస్త్రవేత్తలు 2011లో మరో విషయం చూపించారు. ముల్లంగి జాతికి చెందిన ఒక మొక్క వేరు నుంచి తీసిన ఎంజైము, కొద్దిపాటి హైడ్రోజన్ పెరాక్సైడ్ తోడుగా, గ్రాఫీన్ ఆక్సైడ్ పొరలకు రంధ్రాలు పెట్టింది. అదే ఎంజైము ఆక్సిజన్ తీసేసిన గ్రాఫీన్‌ను ఏమీ చేయలేకపోయింది. ఆక్సిజన్ ఎక్కించిన చోటే పొరకు బలహీనత వస్తుందని దీన్నిబట్టి అర్థమవుతుంది.

మన నేలకు, మన నీటికి దీన్ని ఎలా అన్వయించుకోవాలి?

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, గోనెగండ్ల ప్రాంతాల్లో నల్లరేగడి నేలలున్నాయి, ఎర్ర నేలలూ ఉన్నాయి. నల్లరేగడిలో సున్నపు గులకలు కనబడే చేలు, పి.హెచ్., అంటే ఉదజని సూచిక, 8 దాటిన చేలు మనకు తెలిసినవే. ఇటువంటి నేలలో జింక్, ఇనుము ఉన్నా మొక్కకు అందవు. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు అందే పొలాలు కొన్నే, మిగతావన్నీ వాన మీద, బోరు మీద ఆధారపడినవి. ఉప్పగా ఉండే బోరు నీళ్లు, బిందె అడుగున తెల్లటి పొర కట్టే నీళ్లు చాలామందికి అనుభవమే. ఆ తెల్లటి పొర కాల్షియం, మెగ్నీషియం ఉన్నాయనడానికి గుర్తు.

అందుకని రెండు విషయాలు గమనించాలి.

మొదటిది, పిచికారి చేసే గ్రాఫీన్ ద్రావణం అయితే బోరు నీళ్లలో కలపగానే గడ్డకట్టే అవకాశం ఎక్కువ. గడ్డకడితే నాజిల్ మూసుకుపోతుంది, మందు ఒక మొక్కకు ఎక్కువ, ఒక మొక్కకు తక్కువ పడుతుంది.

రెండోది, నేలలో వేసే గుళికలైతే గడ్డకట్టడం అంత పెద్ద నష్టం కాదు, ఎందుకంటే గుళిక పడిన చోటే ఉండాలి. కానీ జింక్ పట్టుకుని ఉన్న చోట్ల కోసం నేలలోని కాల్షియం పోటీ పడుతుంది. జింక్ ఎంత త్వరగా విడుదలవుతుంది, విడుదలైన జింక్‌ను సున్నం పట్టేసుకునే లోపు వేరు తీసుకుంటుందా అన్నది ఆయా నేలను బట్టి ఉంటుంది. వేరే దేశపు నేలలో వచ్చిన ఫలితాన్ని మన సున్నపు నేలకు అలాగే ఆపాదించలేం.

పరిశోధన ఎంతవరకు వచ్చింది?

గ్రాఫీన్ ఎరువుల మాట పూర్తిగా ఉత్తిది అనుకోవడం కూడా సరికాదు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు గ్రాఫీన్ ఆక్సైడ్ మీద జింక్, రాగి ఎక్కించి గుళికలు చేసి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఆ గుళికల నుంచి పోషకం రెండు దశల్లో బయటికి వచ్చింది. కొంత మొదట్లోనే త్వరగా, మిగతాది నిదానంగా. కుండీల్లో పెంచిన గోధుమ మామూలు జింక్, రాగి లవణాలు వేసినప్పటికంటే వీటి నుంచి ఎక్కువ పోషకం తీసుకుంది.

ఇది మంచి ఫలితమే. కానీ కుండీలో గోధుమ వేరు, ఎకరా పొలంలో వర్షాధారపు పత్తి వేరు. కుండీకి నీళ్లు లెక్క ప్రకారం పోస్తారు, మన చేనికి వాన ఎప్పుడొస్తుందో తెలియదు. పోషకం ఎక్కువ తీసుకోవడం ఒక మెట్టు, దిగుబడి పెరగడం రెండో మెట్టు, పెరిగిన దిగుబడి ఖర్చుకు మించి ఉండటం మూడో మెట్టు. మూడో మెట్టు దాకా మన నేలల్లో, మన పంటల మీద చూపించిన ఫలితం ఉంటేనే డబ్బు పెట్టాలి.

కొనే ముందు అడగాల్సినవి

• సీసా మీద, సంచి మీద పోషకం శాతం రాసి ఉందా? "గ్రాఫీన్ శక్తి" వంటి మాటలు శాతం కావు.

• ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 కింద నోటిఫై అయిన ఎరువేనా? నానో యూరియాను కేంద్రం 2021లో ఈ ఉత్తర్వు కిందికి తెచ్చింది. జీవ ఉత్ప్రేరకాలను కూడా అదే ఏడాది దీని పరిధిలోకి తెచ్చారు. పురుగు మందు అని అమ్మితే దానికి కేంద్ర పురుగు మందుల బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏదీ లేని సరుకు జోలికి పోవద్దు.

• తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఉన్నాయా? సరుకు ఎండలో పెట్టి ఉందా, నీడలో ఉందా?

• ఏ నీళ్లలో కలపాలో, ఏ మందుతో కలపకూడదో రాసి ఉందా?

• బిల్లు ఇస్తారా? బిల్లు లేకపోతే రేపు ఫిర్యాదు చేయడానికి ఆధారం ఉండదు.

ఇంకో జాగ్రత్త. "నానో" అని ఉన్నదల్లా గ్రాఫీన్ కాదు. నానో యూరియా, నానో డి.ఎ.పి. వేరే రకం ఎరువులు. అలాగే నల్లగా ఉన్న ద్రావణమల్లా గ్రాఫీన్ కాదు. హ్యూమిక్ ఆమ్లం కూడా నల్లగానే ఉంటుంది. రంగు చూసి ఏది ఏదో కంటితో తేల్చలేం, అందుకే లేబుల్ ముఖ్యం.

పోషకం లెక్క వేసుకోండి

లేబుల్ మీద శాతం చూశాక ఈ చిన్న లెక్క వేసుకోవాలి. మామూలు జింక్ సల్ఫేట్‌లో, ఏడు నీటి అణువుల రకంలో, 21 శాతం జింక్ ఉంటుంది. పిచికారికి ఎకరాకు 400 గ్రాములు వాడితే 84 గ్రాముల జింక్ అందుతుంది. నేలలో 20 కిలోలు వేస్తే 4.2 కిలోల జింక్ అందుతుంది.

ఇప్పుడు ఒక లీటరు సీసా మీద జింక్ 1 శాతం అని ఉందనుకోండి. అందులో జింక్ సుమారు 10 గ్రాములే. దాన్ని ఎకరాకు ఒక లీటరు వేస్తే, పిచికారి మోతాదులో ఎనిమిదో వంతు జింక్ మాత్రమే పడినట్టు. ఆ 10 గ్రాములు 84 గ్రాముల పని చేస్తాయని అమ్మేవారు అంటే, ఏ పంట మీద, ఏ నేలలో, ఎవరు పరీక్షించారో చూపించమని అడగండి.

సీసా పరీక్ష: ఇంటి దగ్గరే చేసుకోవచ్చు

కొత్త ద్రావణం ఏదైనా ట్యాంకులో పోసే ముందు ఈ పరీక్ష చేసుకోవాలి. గ్రాఫీన్‌కే కాదు, రెండు మందులు కలిపి కొట్టాలనుకున్నప్పుడు కూడా ఇది పనికొస్తుంది.

1. లోపల కనబడే రెండు అర లీటరు సీసాలు తీసుకోండి. ఒకదానిలో మీ బోరు నీళ్లు, రెండోదానిలో వాన నీళ్లు లేదా ఆర్.ఓ. ప్లాంటు నీళ్లు పోయండి.

2. లేబుల్ మీద లీటరుకు 2 మి.లీ. అని ఉంటే, సిరంజితో ఒక్కో సీసాలో 1 మి.లీ. వేయండి. చేతికి తొడుగు వేసుకోండి.

3. మూత పెట్టి నాలుగైదు సార్లు తిరగేసి, నీడలో పెట్టండి.

4. పదిహేను నిమిషాలకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి చూడండి. తునకలు తేలినా, అడుగున మడ్డి దిగినా, పైన నీరు తేటపడినా ఆ నీళ్లలో ఆ మందు విరిగినట్టే.

5. చివరికి పలుచటి గుడ్డలో వడగట్టండి. గుడ్డ మీద నల్లటి జిగురు మిగిలితే నాజిల్‌లోనూ అంతే జరుగుతుంది.

వాన నీళ్లలో బాగుండి బోరు నీళ్లలో విరిగితే తప్పు నీటిది. రెండిటిలోనూ విరిగితే సరుకే చెడింది. పరీక్షకు వాడిన సీసాలను తాగునీటికి మళ్లీ వాడవద్దు. మందు విరగకపోతే అది పనిచేస్తుందని అర్థం కాదు, కలపడానికి పనికొస్తుందని మాత్రమే అర్థం.

ఎలాగైనా వాడి చూడాలనుకుంటే

ఒకేసారి మొత్తం చేనికి వేయవద్దు. ఒకే రకం నేల ఉన్న చోట ఐదేసి సెంట్లు మూడు ముక్కలు గుర్తు పెట్టుకోండి. ఒకదానికి కొత్త ఎరువు, ఒకదానికి జింక్ సల్ఫేట్, ఒకదానికి ఏమీ వేయకండి. విత్తనం, విత్తిన రోజు, మిగతా ఎరువులు మూడింటికీ ఒకటే ఉండాలి. కోత రోజు మూడింటి దిగుబడిని విడివిడిగా తూకం వేసి, ఖర్చు తీసేసి చూడండి. ఒక్క ఏడాది ఫలితంతో తేల్చేయకుండా రెండో ఏడాది కూడా చూస్తే మంచిది.

జింక్ లోపానికి ఇప్పుడు చేయాల్సినది

ముందు మట్టి పరీక్ష చేయించండి. భూసార పరీక్ష కార్డులో చూసే 12 అంశాల్లో జింక్, ఇనుము, ఉదజని సూచిక కూడా ఉంటాయి. జింక్ 0.6 పి.పి.ఎం. కంటే తక్కువ ఉంటే లోపం ఉన్నట్టు లెక్క.

వేరుశనగలో జింక్ లోపిస్తే ఆకులు చిన్నవిగా మారి గుబురుగా కనబడతాయి, మొక్క గిడసబారుతుంది, ఈనెల మధ్య భాగం పసుపు రంగుకు తిరుగుతుంది. పత్తిలోనూ ఆకుల ఈనెల మధ్య పసుపు వస్తుంది, కణుపుల మధ్య దూరం తగ్గుతుంది.

లోపమున్న నేలలో ఆఖరి దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేసుకోవాలి. భాస్వరం ఎరువుతో కలపకుండా రెండు మూడు రోజుల తేడాతో వేయాలి. ఇలా వేసింది రెండు మూడు పంటల వరకు పనిచేస్తుంది కాబట్టి ఏటా వేయనవసరం లేదు. పైరు మీద లోపం కనబడితే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున, ఎకరాకు 400 గ్రాముల జింక్ సల్ఫేట్ 200 లీటర్ల నీటిలో కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారి చేయాలి. పశువుల ఎరువు వేసిన చేలో జింక్ మొక్కకు మరింత బాగా అందుతుంది.

మన చేలోనే ఉన్న గట్టి కార్బన్: పత్తి కట్టె బొగ్గు

గ్రాఫీన్ పొరలో ఉండే ఆరు మూలల వలయాలే, చిన్న చిన్న ముక్కలుగా, మామూలు బొగ్గులోనూ ఉంటాయి. కట్టెను గాలి తక్కువగా తగిలేలా 400 నుంచి 500 డిగ్రీల వేడిలో మాడిస్తే ఆ వలయాలు ఏర్పడతాయి. అందుకే బొగ్గు నేలలో కుళ్లదు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతంలో పూర్వపు జనం నేలలో కలిపిన బొగ్గు వందల, వేల ఏళ్ల తర్వాత కూడా ఆ మట్టిని నల్లగా, సారవంతంగా ఉంచుతోంది. కాలం గడిచేకొద్దీ నేలలోని బొగ్గు ముక్కల పైభాగాన ఆక్సిజన్ గుంపులు వాటంతట అవే ఏర్పడి పోషకాలను పట్టుకుంటాయి. కర్మాగారంలో ఆమ్లాలతో గ్రాఫీన్‌కు చేసే మార్పు, నేలలో బొగ్గుకు నిదానంగా జరుగుతుంది.

రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఆదోని ఒకటి. అంత పత్తి పండే చోట కట్టె కూడా అంతే ఉంటుంది. గులాబీ రంగు కాయతొలుచు పురుగు మరుసటి పంటకు పాకకుండా పత్తిని డిసెంబరు, జనవరి లోపు ముగించి కట్టె పీకేయాలి. ఆ కట్టెను చేలో బూడిద చేయడం కంటే బొగ్గు చేసుకోవచ్చు. హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ, క్రీడా, 200 లీటర్ల డ్రమ్ముతో చేసిన చిన్న బట్టీని రూపొందించి పత్తి, కంది, ఆముదం, మొక్కజొన్న కట్టెలతో బొగ్గు చేసి చూపించింది. సుమారు నాలుగు కిలోల ఎండు కట్టెకు ఒక కిలో బొగ్గు వస్తుంది.

డ్రమ్ము లేకపోతే గరాటు ఆకారంలో గుంత తీసి, అడుగున మంట పెట్టి, పై కట్టె మీద బూడిద కనబడటం మొదలవగానే మరో వరుస కట్టె వేస్తూ పోవాలి. గుంత నిండాక నీళ్లతో పూర్తిగా ఆర్పాలి. గాలి ఉన్న రోజు చేయవద్దు, గడ్డివాములకు దూరంగా చేయాలి, పిల్లలను దగ్గరికి రానివ్వవద్దు. లోపల నిప్పు ఉన్న బొగ్గును సంచుల్లోకి ఎత్తితే రాత్రికి అంటుకుంటుంది.

పచ్చి బొగ్గును నేరుగా చేలో వేయవద్దు. అది ముందు నేలలోని నత్రజనిని తానే పట్టుకుంటుంది. సమానంగా పశువుల ఎరువు కలిపి, తడిపి, రెండు మూడు వారాలు మాగనివ్వాలి. తర్వాత ఎకరాకు టన్ను లెక్కన, ముందు ఐదు సెంట్లలో 50 కిలోలు వేసి చూడండి. తేమ, పోషకాలు నిలవని తేలిక ఎర్ర నేలల్లో దీని ఉపయోగం ఎక్కువ. ఉదజని సూచిక 8 దాటిన సున్నపు నల్లరేగడిలో మాత్రం తొందరపడవద్దు, బొగ్గుకు కూడా క్షార గుణం ఉంటుంది. అటువంటి నేలకు పశువుల ఎరువే మేలు. బొగ్గు జింక్ సల్ఫేట్‌కు బదులు కాదు. లోపం ఉంటే జింక్ వేయాల్సిందే.

గుర్తుంచుకోవాల్సినవి

• గ్రాఫీన్ పొర నిలుస్తుంది, దాని మీద అతికించినది మారుతుంది. మనం డబ్బిచ్చేది అతికించినదానికి.

• కాలం, ఎండ, వేడి, సున్నం, ఉప్పు నీళ్లు మార్చిన గ్రాఫీన్‌ను దెబ్బతీస్తాయి. మన బోరు నీళ్లలో గడ్డకట్టే అవకాశం ఎక్కువ.

• లేబుల్ మీద పోషకం శాతం చూసి, గ్రాముల్లో లెక్క వేసుకున్నాకే ధర గురించి మాట్లాడండి.

• సీసా పరీక్ష చేయకుండా కొత్త ద్రావణాన్ని ట్యాంకులో పోయవద్దు. ఐదు సెంట్లలో చూడకుండా ఐదెకరాలకు వేయవద్దు.

• జింక్ లోపానికి మట్టి పరీక్ష, జింక్ సల్ఫేట్ ఇప్పటికీ నమ్మదగిన దారి.

సందేహం ఉంటే సీసాను, లేబుల్‌ను వెంట తీసుకుని మీ ఊరి రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకులను గానీ, ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలోని కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను గానీ కలవండి. కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551కు ఫోను చేసి తెలుగులోనే అడగవచ్చు. కొన్న తర్వాత కంటే కొనే ముందు అడగడం మేలు.